గ్రహణం నాడు ఆయన డ్యూటీలో, మేము డాబా మీద

ప్రశ్న: మా ఆయన జెడ్డాలో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఏసీ టెక్నీషియన్. నేను, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ రామంతాపూర్‌లో ఉంటాం. 2027 ఆగస్టు 2న జెడ్డాలో సంపూర్ణ సూర్యగ్రహణం అని ఆయనకు ఎవరో చెప్పారట. అప్పటి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. "వీడియో కాల్ చేసి మీకందరికీ చూపిస్తా" అంటున్నారు. అది సోమవారం, ఆయనకు డ్యూటీ ఉంటుంది. పని వదిలేసి ఆకాశం చూస్తే సూపర్‌వైజర్ ఊరుకుంటాడా అని నాకు టెన్షన్. కళ్ళకు ఏమైనా అయితే ఎలా అని ఇంకో టెన్షన్. ఇక్కడేమో గ్రహణం అంటే మా అత్తమ్మ పిల్లల్ని గుమ్మం దాటనివ్వరు, ఫోన్‌లో కూడా చూడొద్దంటున్నారు. మా ఆడపడుచుకు ఈమధ్యే పెళ్ళయింది, అప్పటికి కడుపుతో ఉంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలని ఇప్పటి నుంచే చెబుతున్నారు. ఆయన మాట కాదనలేను, ఆమె మాట కాదనలేను. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, రామంతాపూర్, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, మీ ఆయన చెప్పిన తేదీ సరైనదే. 2027 ఆగస్టు 2, సోమవారం, మన లెక్కలో ఆషాఢ అమావాస్య. ఆ రోజు చంద్రుడి నీడ అట్లాంటిక్ సముద్రం మీద మొదలై, స్పెయిన్ దక్షిణపు కొసను తాకి, మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, లిబియా, ఈజిప్ట్ దేశాల మీదుగా వచ్చి ఎర్ర సముద్రం దాటి సౌదీలో అడుగుపెడుతుంది. ఈజిప్ట్‌లోని లక్సర్ దగ్గర సూర్యుడు 6 నిమిషాల 23 సెకన్ల పాటు పూర్తిగా మరుగైపోతాడు. జెడ్డా కూడా నీడ నడిచే దారికి దాదాపు మధ్యలోనే ఉంది కాబట్టి అక్కడా ఆరు నిమిషాల దాకా ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో డాలస్‌లో ఉన్న మన తెలుగువాళ్ళు పనులు ఆపుకుని మరీ చూసిన గ్రహణం గుర్తుందా? అది ఎక్కువలో ఎక్కువగా ఉన్న చోట కూడా నాలుగున్నర నిమిషాలు దాటలేదు. చాలామంది దీని కోసం వేలకు వేలు ఖర్చు పెట్టుకుని విమానాలెక్కి వెళ్తారు. మీ ఆయన ఉద్యోగం చేసే ఊరికి అదే వెతుక్కుంటూ వస్తోంది. ఆయన ఇంతలా చెప్పుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇంకో సంగతి మీ ఉత్తరంలో లేదు. బహుశా ఆయనకు కూడా తెలిసి ఉండదు. అదే గ్రహణం ఆ సాయంత్రం హైదరాబాద్‌లో కూడా కనిపిస్తుంది. సంపూర్ణంగా కాదు, పాక్షికంగా. సూర్యబింబంలో సుమారు పావు వంతు కరిగిపోయినట్టు ఉంటుంది.

టైములు చెబుతాను, రాసి పెట్టుకోండి. అన్నీ సుమారు టైములే. తేదీ దగ్గరపడ్డాక పేపర్లో వచ్చే టైములతో ఇంకోసారి సరిచూసుకోండి. జెడ్డాలో మధ్యాహ్నం 12 గంటల ప్రాంతంలో పట్టు మొదలవుతుంది. ఒకటిన్నరకు కొన్ని నిమిషాల ముందు పూర్తిగా చీకటి పడుతుంది. 2 గంటల 50 నిమిషాల ప్రాంతంలో విడుస్తుంది. మనం వాళ్ళకంటే రెండున్నర గంటలు ముందుంటాం. అంటే అక్కడ చీకటి కమ్మే సమయానికి ఇక్కడ నాలుగు కావస్తుంటుంది. హైదరాబాద్‌లో పట్టు మొదలయ్యేది కూడా సరిగ్గా ఆ నాలుగు గంటల ప్రాంతంలోనే. ఇక్కడ 4 గంటల 50 నిమిషాలకు ఎక్కువగా కనిపించి, ఐదున్నర దాటాక విడుస్తుంది.

దీని అర్థం ఏమిటో చూడండి. అక్కడ చీకటి విడిచి వెలుగు తిరిగి రాగానే ఇక్కడ సూర్యుడి అంచు తరగడం మొదలవుతుంది. మన టైము ప్రకారం నాలుగు నుంచి ఐదుంబావు దాకా ఆయన జెడ్డాలో నిలబడి, మీరు రామంతాపూర్‌లో డాబా మీద నిలబడి, ఒకే సూర్యుణ్ణి, ఒకే చంద్రుడు అడ్డుపడిన సూర్యుణ్ణి, ఒకే సమయంలో చూడొచ్చు. ఆయన మీకు ఫోన్‌లో చూపించాల్సిన పనే లేదు. ఎవరి గ్రహణం వాళ్ళు తమ కళ్ళతో చూసి ఒకరికొకరు చెప్పుకోండి. నేను ఇచ్చే సలహా అంతా దీని చుట్టూనే ఉంటుంది.

ముందు డ్యూటీ సంగతి. సౌదీలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు నేరుగా ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వ నిబంధన ఉంది. వడదెబ్బ నుంచి కార్మికుల్ని కాపాడటానికి పెట్టిన నిబంధన అది. జెడ్డాలో గ్రహణం పట్టి విడిచే సమయం మొత్తం దాదాపుగా ఆ మూడు గంటల్లోనే పడుతోంది. ఆ వేళకు మిద్దెల మీద అవుట్‌డోర్ యూనిట్ల దగ్గర పని ఎలాగూ ఆగి ఉంటుంది. ఆయన పని ఏ మాల్‌లోనో ఆఫీసు లోపలో అయితే ఈ నిబంధన వర్తించదు, అడగాలి. ఏమని అడగాలంటే, సెలవు కాదు, సగం పూట పర్మిషన్ కూడా కాదు. "ఒంటిగంట ఇరవై నుంచి పదిహేను నిమిషాలు బయటికి వెళ్ళొస్తాను, ఆ టైమ్ టీ బ్రేక్‌లో తగ్గించుకోండి" అని రెండు మూడు వారాల ముందే అడగాలి. ఆ రోజు పొద్దున వెళ్ళి అడిగితే సూపర్‌వైజర్‌కు అది పని ఎగ్గొట్టే సాకులా కనిపిస్తుంది. ముందే అడిగితే షిఫ్టు అటూ ఇటూ సర్దడానికి ఆయనకూ వీలుంటుంది. పైగా ఆ రోజు ఆ ఊళ్ళో సూపర్‌వైజర్ కూడా బయటికి వచ్చి ఆకాశం చూసేవాడే. ఎవరూ చెప్పక ముందే మీ ఆయన చెప్పారంటే సంతోషిస్తాడు కూడా.

అడిగినా ఒప్పుకోకపోతే? అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి), జీతం, ఉద్యోగం ఇవన్నీ పణంగా పెట్టి చూడాల్సినంత అవసరం లేదని ఆయనతో మీరే చెప్పండి. ఇది మాత్రం మీ నోటి నుంచి రావాలి. పిల్లలకు చూపిస్తానని మాట ఇచ్చిన తండ్రి ఆ మాట కోసం తెగించే ప్రమాదం ఉంది. "కుదిరితే చూడండి, కుదరకపోతే మేము ఇక్కడ చూసి మీకు చెబుతాం" అని మీరంటే ఆయన మీద బరువు తగ్గుతుంది.

తోటి పనివాళ్ళ గురించి కూడా ఒక మాట. ఒక్క గ్రహణం కళ్ళద్దం ఉంటే పది మంది చూడొచ్చు. పాక్షికంగా ఉన్న సమయం దాదాపు మూడు గంటలు సాగుతుంది. ఒక్కొక్కరు అర నిమిషం చూసి పక్కవాళ్ళకు ఇవ్వొచ్చు. పూర్తిగా చీకటి పడ్డాక అద్దంతో ఎవరికీ పనే ఉండదు. కాబట్టి ఆయన ఒక్కరే మూలకు వెళ్ళి చూడటం కన్నా రూమ్‌లో, సైట్‌లో ఉన్నవాళ్ళందరికీ ముందే చెప్పి కలిసి చూడటం మంచిది. కేరళ వాళ్ళు, నేపాల్ వాళ్ళు, బంగ్లాదేశ్ వాళ్ళు, ఈజిప్ట్ వాళ్ళు, అందరూ ఇళ్ళు వదిలి వచ్చినవాళ్ళే. అలాంటి చోట ఒకరి అద్దం అందరి చేతులూ తిరగడం ఎంత బాగుంటుందో నేను ఇక్కడ కూర్చునే ఊహించుకోగలను. ముస్లిం సోదరులు గ్రహణం వేళ ప్రత్యేకంగా నమాజు చేస్తారు. మన హైదరాబాద్ మసీదుల్లోనూ చేస్తారు, అక్కడ ఇంకా పెద్ద ఎత్తున ఉంటుంది. వాళ్ళ నమాజు టైము ముందే కనుక్కుని అద్దం వంతులు దానికి తగ్గట్టు వేసుకోవాలి.

రెండు జాగ్రత్తలు ఆయనకు గట్టిగా చెప్పండి. ఆగస్టులో జెడ్డా ఎండ మామూలు ఎండ కాదు, సూర్యుడు కూడా ఆ సమయంలో దాదాపు నడినెత్తిన ఉంటాడు. మూడు గంటలూ బయట నిలబడకూడదు. నీడలో కూర్చుని నీళ్ళు తాగుతూ, మధ్య మధ్యలో రెండేసి నిమిషాలు బయటికి వచ్చి చూడాలి. చీకటి పడే సమయానికి నిచ్చెన మీద, పరంజా మీద, మిద్దె అంచున ఎవరూ ఉండకూడదు. కాళ్ళ కింద చూసుకునే పని ఆ ఆరు నిమిషాల్లో ఎవరూ చేయరు, అందరి మొహాలూ పైకే ఉంటాయి.

ఇక కళ్ళ సంగతి. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన భయం ఇదే. జెడ్డాకు ఒక నియమం, హైదరాబాద్‌కు ఇంకో నియమం. ఈ రెండూ కలిసిపోకూడదు.

జెడ్డాలో సూర్యుడు పూర్తిగా మరుగైన ఆ ఆరు నిమిషాలు మాత్రం ఏ అద్దమూ లేకుండా మామూలు కళ్ళతో చూడొచ్చు. అద్దం పెట్టుకుంటే ఏమీ కనపడదు కూడా. వజ్రపుటుంగరం అని పిలిచే చివరి మెరుపు ఆరిపోయాకే అద్దం తీయాలి. అవతలి అంచున మళ్ళీ చిన్న చుక్క మెరవగానే వెంటనే పెట్టుకోవాలి. దానికి ముందు గంటన్నర, తర్వాత గంటన్నర, సూర్యుడు సన్నటి గీతలా మిగిలినప్పుడు కూడా, అద్దం లేకుండా చూడకూడదు. ఒకవేళ కంపెనీ ఆయన్ని ఆ సమయానికి రియాద్‌కో దమ్మామ్‌కో పంపితే అక్కడ పాక్షిక గ్రహణమే. అక్కడ అసలు అద్దం తీసే క్షణమే రాదు.

హైదరాబాద్‌లో కూడా అంతే. మొదటి నుంచి చివరి దాకా ఒక్క సెకను కూడా అద్దం తీయకూడదు. ముప్పావు వంతు సూర్యుడు వెలుగుతూనే ఉంటాడు. నాకు భయం ఎక్కడంటే, నాన్న ఫోన్‌లో సంబరంగా "నేను అద్దం తీసేసి చూశాను, ఎంత బాగుందో" అంటాడు. అది విన్న పిల్లలు ఇక్కడ డాబా మీద అద్దం తీసేస్తారు. కాబట్టి ఆయన పిల్లలతో మాట్లాడే మొదటి మాటే "మీరు మాత్రం తీయొద్దు, మీ దగ్గర పూర్తిగా పట్టదు" అని ఉండాలి. ముందే ఒప్పందం చేసుకోండి.

కంటి లోపలి రెటీనాకు నొప్పి తెలియదు. ఎండ దాన్ని కాలుస్తున్నా చురుక్కుమనదు, కళ్ళలో నీళ్ళు కూడా రాకపోవచ్చు. కొన్ని గంటల తర్వాతో మర్నాటికో చూపు మధ్యలో మచ్చ కనిపిస్తుంది. కొందరికి అది ఎప్పటికీ పోదు. అందుకే "నేను చూశాను, ఏమీ కాలేదే" అనేవాళ్ళ మాట నమ్మవద్దు. ఎవరికైనా మచ్చ కనిపించినా, గీతలు వంకరగా అనిపించినా ఆలస్యం చేయకుండా మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికో బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్‌కో తీసుకెళ్ళండి.

ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజుముక్కలు, పాత సీడీలు, నల్ల కూలింగ్ గ్లాసులు ఇవేవీ పనికిరావు. పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి అందులో చూడటం మన ఇళ్ళలో ఉంది. నీళ్ళలో పడ్డ సూర్యుడు కూడా కళ్ళకు ఎక్కువే, పిల్లలతో ఆ పని చేయించవద్దు. మీ ఆయన దగ్గర సైట్‌లో ఎవరో ఒకరు వెల్డింగ్ అద్దం తెచ్చిస్తారు, నేను ముందే చెబుతున్నాను. మామూలుగా వెల్డింగ్‌కు వాడేవి 10, 11 నంబర్లు, అవి చాలవు. 14 నంబరు అయితేనే తీసుకోమనండి. అన్నిటికంటే మంచిది ఐఎస్ఓ 12312-2 (ఇలాంటి అద్దాలకు పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం) అని ముద్ర ఉన్న గ్రహణం కళ్ళద్దాలు. ముద్ర ఒక్కటి చూసి నమ్మకుండా ఇంట్లో పరీక్ష చేయండి. పెట్టుకుంటే ఎదురుగా ఉన్న గోడ, కిటికీ, మనుషులు, ఏమీ కనిపించకూడదు. సూర్యుడు ఒక్కడే కనిపించాలి. గదిలో వస్తువులు కనిపిస్తే దాన్ని పారేయండి. ఆయన ఆలోపు చుట్టీకి వస్తే ఇక్కడే కొని, పరీక్షించి, తిరిగి వెళ్ళేటప్పుడు నాలుగైదు ఇచ్చి పంపండి. అట్టతో చేసినవి కాబట్టి బరువూ ఉండదు, ధరా ఎక్కువ కాదు.

అసలు పైకి చూడకుండానే చూసే పద్ధతి ఒకటుంది, పిల్లలకు నాకు నచ్చేది ఇదే. ఒక అట్టముక్కకు సూదితో చిన్న చిల్లు చేసి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, ఆ చిల్లులోంచి వచ్చే వెలుగును తెల్ల కాగితం మీద పడనివ్వాలి. అట్టకూ కాగితానికీ మీటరు దూరం ఉంటే దాదాపు 9 మిల్లీమీటర్ల సూర్యుడు కాగితం మీద కనిపిస్తాడు, అంచు కొరికిన బిళ్ళతో సహా. వంటింట్లోని జల్లెడ పట్టుకుంటే ఎన్ని కన్నాలుంటే అన్ని సూర్యులు. చెట్టు కింద నేల మీద ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలు కూడా ఆ సమయంలో అన్నీ అంచు తరిగిన బిళ్ళల్లా ఉంటాయి.

వీడియో కాల్ గురించి. ఫోన్‌ను సూర్యుడి వైపు పెడితే తెల్లటి ముద్ద తప్ప ఏమీ కనిపించదు. పూర్తిగా చీకటి పడ్డప్పుడు సూర్యుడి చుట్టూ కరోనా అనే తెల్లటి వెలుగు విచ్చుకుంటుంది. అది కంటికి కనిపించినంత అందంగా మామూలు ఫోన్‌కు దొరకదు. ఆ ఆరు నిమిషాలూ ఆయన స్క్రీన్ వంక చూస్తూ, "కనిపిస్తోందా, కనిపిస్తోందా" అంటూ నెట్‌వర్క్‌తో కుస్తీ పడితే ఆయనా చూడరు, మీరూ చూడరు. కాల్ వద్దు. ఫోన్‌ను గోడకు ఆనించి, ఆకాశం వైపు కాకుండా మనుషుల వైపు, వీధి వైపు తిప్పి రికార్డింగ్ పెట్టి వదిలేయమనండి. నడి మధ్యాహ్నం వీధి దీపాలు వెలగడం, పక్షులు గూళ్ళకు మళ్ళడం, చుట్టూ అన్ని దిక్కులా సంధ్యవేళలా ఎర్రబారడం, పక్కనున్న వాళ్ళు వాళ్ళ వాళ్ళ భాషల్లో ఒక్కసారిగా అరవడం, ఇవన్నీ అందులో పడతాయి. పిల్లలకు ఆ వీడియోనే అసలు కానుక. సైట్‌లో కెమెరా వాడకూడదన్న నియమం ఉంటే అది కూడా వద్దు, గొంతు రికార్డు చేసినా చాలు.

కాల్ చేయాల్సింది తర్వాత, జెడ్డాలో ఒకటిన్నర దాటాక. అప్పుడు మీకు నాలుగు దాటి ఉంటుంది. ఆయన ఒక చిల్లుల కాగితం పట్టుకుని తన గోడ మీద పడ్డ సూర్యుణ్ణి చూపిస్తారు. పిల్లలు మీ డాబా గోడ మీద పడ్డ సూర్యుణ్ణి చూపిస్తారు. ఇది ఫోన్ కెమెరాకు చక్కగా దొరుకుతుంది. ఆయన దగ్గర నెలవంకలాంటిది క్రమంగా నిండుతూ ఉంటుంది, మీ దగ్గర నిండు బిళ్ళ తరుగుతూ ఉంటుంది. పదేసి నిమిషాలకోసారి పోల్చుకోండి. పిల్లలతో కాగితం మీద టైము వేసి బొమ్మలు గీయించండి.

నాన్నకు పూర్తిగా పట్టింది, మనకెందుకు కొంచెమే అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. సినిమా హాల్లో మన ముందు వరుసలో పొడుగాటి మనిషి కూర్చున్నాడనుకోండి. సరిగ్గా అతని వెనక ఉన్నవాళ్ళకు తెర అంతా పోతుంది, నాలుగు సీట్ల అవతల ఉన్నవాళ్ళకు తెర మూల మాత్రమే పోతుంది. చంద్రుడు అడ్డం వచ్చినప్పుడు సరిగ్గా వెనక పడే చోటు సుమారు 250 కిలోమీటర్ల వెడల్పున్న పట్టీ. జెడ్డా ఆ పట్టీలో ఉంది, మనం బాగా పక్కకు ఉన్నాం.

డాబా సంగతి ముందే చూసుకోవాలి. ఆ సమయానికి సూర్యుడు పడమర వైపు బాగా వాలి ఉంటాడు. ఎదురుగా నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంటే ఐదు గంటలకల్లా దాని వెనక్కి వెళ్ళిపోతాడు. నాలుగైదు రోజుల ముందు అదే టైముకు డాబా ఎక్కి ఎండ ఎక్కడ పడుతోందో చూడండి. ఇంకోటి, సోమవారం నాలుగు గంటలంటే స్కూళ్ళు వదిలే వేళ. పిల్లలు ఆటోలో, బస్సులో ఉండగానే పట్టు మొదలవుతుంది. దారిలో తలెత్తి చూడొద్దని పొద్దున పంపేటప్పుడే చెప్పండి.

అత్తమ్మగారి దగ్గరికి వద్దాం. మీ ఇల్లు నడిచేది ఆమెతోనే. ఆయన దూరంలో ఉంటే పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేది ఆమే. "ఇవన్నీ మూఢనమ్మకాలు" అని ఆమె మొహం మీద అనే మనిషి కావొద్దు మీరు. ఆమె చెప్పే జాగ్రత్తలో ఒకటి అక్షరాలా నిజం: గ్రహణం వేళ పిల్లలు కాపలా లేకుండా బయట తిరగకూడదు. అద్దాల్లేని కాలంలో ఆ కట్టుబాటు ఎన్ని కళ్ళను కాపాడిందో. ఆ మాటే ఆమెతో అనండి. "మీరు చెప్పినట్టే కళ్ళకు ప్రమాదం, అందుకే అద్దాలు తెప్పించాం, అరగంట మాత్రం, నేను పక్కనే ఉంటాను" అని అడగండి. పట్టు స్నానం, విడుపు స్నానం, పచ్చళ్ళ మీద దర్భలు, ఆమె జపం, అవన్నీ ఆమె చేసుకోనివ్వండి. పిల్లలు డాబా దిగాక స్నానం చేయమంటే చేయించండి, నష్టం ఏముంది? ఆ సాయంత్రం ఆమెకు కూడా కొడుకుతో ఫోన్‌లో మాట్లాడే వంతు ఉండాలి. అన్నిటికంటే అది ముఖ్యం. అంత పెద్ద చీకటిలో తన బిడ్డ ఎక్కడో ఎడారి ఊళ్ళో ఉన్నాడన్నది కూడా ఆమె భయంలో ఉందని నాకు అనిపిస్తోంది. చీకటి విడవగానే ఆయన చేసే మొదటి కాల్ అమ్మకు చేసి "నేను బాగున్నానమ్మా" అంటే, తర్వాత డాబా మెట్లు ఆమే ఎక్కినా ఎక్కవచ్చు.

కడుపుతో ఉన్నవాళ్ళ విషయంలో మాత్రం మెత్తగా మాట్లాడను. గ్రహణం వల్ల కడుపులో బిడ్డకు హాని జరుగుతుందనడానికి వైద్యశాస్త్రంలో ఏ ఆధారమూ లేదు. గ్రహణం మొర్రికి కారణాలు జన్యువుల్లో, పోషకాహార లోపంలో, కొన్ని మందుల్లో, పొగతాగడంలో ఉన్నాయి, ఆకాశంలో లేవు. మీ ఆడపడుచు అప్పటికి గర్భంతో ఉంటే లోపల కూర్చోవాలనుకుంటే కూర్చోనివ్వండి. కానీ గంటల తరబడి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా ఉంచడం, కదలకుండా పడుకోబెట్టడం, వేసుకోవాల్సిన మాత్ర ఆపడం జరగకూడదు. అక్కడ మీరు నిలబడాలి.

అత్తమ్మగారికి, పిల్లలకు చెప్పడానికి మన నేల మీది కథ ఒకటి ఇస్తాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలుగు నేల మీదుగా వెళ్ళింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త సముద్రాలు దాటి గుంటూరు వచ్చాడు. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్ పరికరాలు పెట్టుకుని కూర్చున్నాడు. సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగును ఆ గ్రహణం వేళ పరికరంతో రంగులుగా విడదీసి చూసినప్పుడు కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియం అనే మూలకాన్ని కనుక్కోవడానికి దారి తీసింది. గ్రహణం ముగిసినా జాన్సెన్ ఆగలేదు. మర్నాడే, గ్రహణం లేకుండానే ఆ మంటల వెలుగును పరికరంతో చూడొచ్చని గుంటూరులోనే రుజువు చేశాడు. పరాయి దేశంలో పని మీద ఉన్న మనిషి అక్కడి ఆకాశం నుంచి తెచ్చుకున్నది అంత పెద్దది.

తర్వాత 1980 ఫిబ్రవరి 16న ఇంకో సంపూర్ణ గ్రహణం మన హైదరాబాద్ పక్క నుంచే వెళ్ళింది. ఇబ్రహీంపట్నం అవతల ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు దాన్ని చూశారు. ఊళ్ళో మాత్రం తలుపులు మూసుకున్నారు, రోడ్లు బోసిపోయాయి. చిన్నదాన్ని, నన్నూ గదిలో కూర్చోబెట్టారు. తర్వాత కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను, గ్రహణం పాఠం ఎన్నో బ్యాచ్‌లకు చెప్పాను. గంట దూరంలో జరిగినదాన్ని చూడలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది. మీ పిల్లలకు అది ఉండకూడదని కోరుకుంటున్నాను.

ఇక మబ్బుల మాట. ఆగస్టు మొదట్లో జెడ్డాలో ఆకాశం తేటగా ఉండే అవకాశం చాలా ఎక్కువ. మనకు వానాకాలం. నాలుగు గంటలకు రామంతాపూర్ మీద మబ్బు కమ్ముకుంటే ఏమీ చేయలేం. అప్పుడు ఆయన గోడ మీది సూర్యుణ్ణే ఫోన్‌లో చూడండి, ఆయన రికార్డు చేసిన ఆరు నిమిషాలు రాత్రి భోజనాలయ్యాక అందరూ కూర్చుని వినండి. కళ్ళద్దాలు మాత్రం గీతలు పడకుండా, మడతలు పడకుండా ఒక కవర్లో పెట్టి బీరువాలో దాచండి. 2031 మే 21న కేరళ, తమిళనాడు మీదుగా వలయాకార గ్రహణం వెళ్తుంది, హైదరాబాద్‌లో ఈసారికంటే చాలా ఎక్కువ కనిపిస్తుంది. అప్పటికి మీ పిల్లలు ఇంకాస్త పెద్దవాళ్ళవుతారు. ఆ రోజు బుధవారం. మీ ఆయన ఆ నెలలో చుట్టీ పెట్టుకోవడానికి వీలవుతుందేమో ఇప్పుడే అడిగి ఉంచండి.